చెంచమ్మ చేతినీళ్లు

గురువారం పొద్దున పదింటికి చెంచమ్మ ఎప్పట్లాగే స్టూలు మీద కూర్చుని, గాజులు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ మోచేతుల దాకా గాజుతొట్టిలో ముంచింది. నీళ్లు ముప్పై ఆరు డిగ్రీల దగ్గర నిలకడగా ఉండేలా తొట్టి అడుగున చిన్న హీటరు ఉంది. గంటసేపు కదలకుండా కూర్చోవాలి. తర్వాత ఆ నీళ్లు నలభై ఒక్క సీసాల్లోకి వెళ్తాయి. డ్రైవరు రఫీ వాటిని జీపులో వేసుకుని, పడమటి మెట్టలోని నలభై ఒక్క బడులకి రెండు రోజుల్లో చేరుస్తాడు.

పది నిమిషాలయ్యాక పరిశోధకురాలు ఇందుమతి మీటరు చూసింది. ముప్పై ఏడున్నర దాటింది. హీటరు పాడైందేమో అనుకుని వంగి చూస్తే దాని దీపం వెలగడం లేదు, తనంతట తనే ఆగిపోయి ఉంది. నీళ్లు వేడెక్కుతున్నది చెంచమ్మ చేతుల వల్ల.

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒళ్లు కాలిపోతోంది చెంచమ్మా."

"ఎండన పడి నడిచొచ్చా మేడమ్. ఏం లేదు, కానీండి."

అప్పుడే చేతులు బయటికి తీయించాల్సింది. ఇందుమతికి ఆ సంగతి తెలుసు. కానీ గోడ గడియారం వైపు చూసింది. ఈ వారం సీసాలు నిండాలంటే ఇంకా యాభై నిమిషాలు కావాలి. ఈ జ్వరానికి ఏదైనా మందు వెయ్యాల్సి వస్తే, మళ్లీ ఎప్పటికి నిండుతాయో తెలీదు. ఆమె తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

పదకొండు కొట్టాక, నలభై ఒకటో సీసాకి మూత బిగించాక, "లే చెంచమ్మా" అంది. చెంచమ్మ లేచి, ఎడమ కాలు నేల మీద ఆనించబోయి, బల్ల పట్టుకుని ఆగిపోయింది. కాలికి పాత తువ్వాలు చుట్టి ఉంది. విప్పితే పాదం నల్లగా ఉబ్బి, ఎర్రటి చార ఒకటి పిక్క మీదుగా మోకాలి దాకా పాకింది. తుమ్మముల్లు గుచ్చుకుందట. ఎనిమిది రోజులయిందట.

"ఎనిమిది రోజులా? ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మందేస్తారు గదా" అంది చెంచమ్మ.

*

నాలుగేళ్ల కిందట దొరువుపాడు హైస్కూల్లో చెంచమ్మ ఆయా. ఆ వైపు బోర్లన్నిటిలోనూ ఫ్లోరైడే. పిల్లల పళ్ల మీద పసుపు చారలు, పెద్దవాళ్ల మోకాళ్లు వంగవు. బడిలో మరుగుదొడ్లు కట్టారు గానీ నీళ్లు లేక తాళాలు వేసి ఉండేవి. ఆడపిల్లలు పొద్దున ఇంటి దగ్గర మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేవాళ్లు, దాహమేసినా సాయంత్రం దాకా ఓర్చుకునేవాళ్లు. పెద్దమనిషయ్యాక సగంమంది రావడం మానేసేవాళ్లు. చెంచమ్మ మాత్రం దూరం నుంచి బిందెలు మోసి, ఒక్క దొడ్డయినా తెరిచి ఉంచాలని పందొమ్మిదేళ్లు వట్టి చేతుల్తో కడిగింది.

నీళ్ల నమూనాల కోసం ఇందుమతి అక్కడికి వెళ్లినప్పుడు వరండాలో నాలుగు డ్రమ్ములున్నాయి. నాలుగింట్లోనూ ఒకే బోరు నీళ్లు. మూడింట్లో ఫ్లోరైడు విపరీతం. నాలుగోదాంట్లో లేదు. పైగా మురుగు తాలూకు క్రిమి ఒక్కటీ లేదు. పొరపాటనుకుని మూడుసార్లు పరీక్ష చేసింది. ఆ డ్రమ్ము లోపలి గోడకి బూడిదరంగు పాచి పట్టి ఉంది, అడుగున సన్నటి తెల్ల ఇసుక పేరుకుని ఉంది. అది ఇసుక కాదు. నీళ్లలోని ఫ్లోరైడుని ఆ పాచి లాగి, గట్టి పలుకులుగా మార్చి కిందకి రాల్చేస్తోంది. ఆ డ్రమ్ములో మగ్గు లేదు. చెంచమ్మ రోజూ మోచేతి దాకా చెయ్యి ముంచి చెంబుతో తోడేది.

ఆ పాచి పుట్టింది ఆమె చేతుల మీద. ముంజేతి దగ్గర బూడిదరంగు మచ్చలా కనిపించే చోట, పందొమ్మిదేళ్ల మురికినీ ఉప్పునీటినీ తట్టుకుంటూ ఒక సూక్ష్మజీవి కొత్త రూపు తెచ్చుకుంది. మంచినీళ్ల తొట్టిలో వేస్తే ఫ్లోరైడుని తింటుంది. దొడ్ల కింది తొట్టిలో వేస్తే మలినాన్ని తిని, ఆ నీళ్లని మళ్లీ దొడ్లు కడగడానికి పనికొచ్చేలా చేస్తుంది. బడిపిల్లలు దానికి పాచమ్మ అని పేరు పెట్టారు.

అయితే పాచమ్మకి ఒక పట్టుదల ఉంది. ప్రయోగశాలలో ఎంత మంచి తిండి పెట్టినా తొమ్మిదో రోజుకి తెల్లబడి చచ్చిపోయేది. ప్రతివారం చెంచమ్మ చేతుల నుంచి కొత్తది వచ్చి కలిస్తేనే తొట్లు బతికేవి. అందుకని చెంచమ్మని ఒంగోలు దగ్గరి పరిశోధన కేంద్రానికి తెచ్చి, వెనకవైపు క్వార్టర్సులో ఒక గది ఇచ్చారు. చేతులకి సబ్బు, నూనె, పసుపు ఏవీ తగలకూడదు. జ్వరం వచ్చినా క్రిములని చంపే మందు వెయ్యకూడదు. దొరువుపాడులో కూతురు సలోమి ఇంటికి నెలకోసారి, అదీ ఒక్క పూట. రెండేళ్లుగా చెంచమ్మ ఒక్క మాటా అనకుండా ఇవన్నీ పాటించింది. ఎవరూ బలవంతం చెయ్యలేదని ఇందుమతి తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది.

*

ఆస్పత్రిలో డాక్టరు కాలు చూడగానే చెప్పాడు. "ఇప్పుడే సెలైన్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. రేపటికి ఆగితే కాలు పోతుంది. ఎల్లుండి దాకా ఆగితే మనిషి దక్కదు."

కేంద్రం డైరెక్టరు ఫోన్లో అంతా విన్నాడు. "పొద్దున తీసినవి ఒక్క వారానికే గదా ఇందుమతీ. ఒక్క రోజు ఆగి ఇంకో రెండు తొట్లు తీసుకుంటే ఎట్లా ఉంటుంది? వచ్చే నెల ఇంకో రెండొందల బడులు మొదలుపెట్టాలి."

"ఆగడానికి లేదు సార్" అని ఫోన్ పెట్టేసింది.

కానీ చెంచమ్మే ఒప్పుకోలేదు. నర్సు సూది పట్టుకుని వస్తే చెయ్యి చీర కొంగు కింద దాచుకుంది. "కాలికి కట్టు కట్టండి, చీము తియ్యండి, ఓర్చుకుంటా. ఆ మందు మాత్రం ఎక్కించమాకండి. పిల్లల దొడ్లకి మళ్లా తాళాలు పడతాయి."

రెండింటికల్లా సలోమి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, దొరువుపాడులో బట్టలు కుడుతుంది. భుజం మీద టేపు అట్లాగే వేలాడుతోంది. మంచం పక్కన నిలబడి తల్లి కాలు చూసింది, తర్వాత తల్లి మొహం చూసింది.

"ఏందిమా ఇది?"

"నీకు తెలవదా ఏందో? నువ్వు ఎనిమిదిలో ఎందుకు మానేశావు? ఆ ఒక్క దొడ్డీ అందరికీ చాలక గాదూ? నేను కడిగే బళ్లోనే నా బిడ్డకి చోటు లేకపాయె. ఇప్పుడు ఎంతమంది పిల్లలు పోతన్నారో నువ్వు చూశావా?"

"చూశా. మన వీధి పిల్లలు పన్నెండు మంది పోతన్నారు. దానికి నువ్వు చావాలా?"

చెంచమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఇందుమతి మంచం అంచున కూర్చుంది. రెండేళ్లలో ఎప్పుడూ ఆమె అట్లా కూర్చోలేదు. "చెంచమ్మా, ఒక లెక్క చెప్తా విను. మందు ఎక్కిస్తే నీ చేతుల మీద పాచి చచ్చిపోతుంది. అవునా? ఎక్కించకపోతే నువ్వు పోతావు. నువ్వు పోయాక పాచి ఎక్కడుంటుంది?"

చెంచమ్మ గోడ వైపు నుంచి తల తిప్పింది. "అంటే ఎట్టా అయినా పాచమ్మ పోద్ది."

"ఎట్లా అయినా పోతుంది. నువ్వు మాత్రం ఉండొచ్చు."

కొంగు కింది నుంచి చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. సూది దిగుతుంటే కళ్లు మూసుకుంది. నొప్పికి కాదు, ఇందుమతికి అర్థమైంది.

వరండాలోకి వచ్చాక ఇందుమతి సలోమితో అంది, "నీకొకటి చెప్పాలి. జ్వరమని పొద్దున పది గంటల పది నిమిషాలకే తెలిసింది నాకు. పదకొండు దాకా చేతులు తియ్యనివ్వలేదు. సీసాలు నిండాలని."

సలోమి టేపు తీసి చేతికి చుట్టుకుంది, మళ్లీ విప్పింది. "అమ్మ గూడా తియ్యలా గదా. మీ ఇద్దరికీ ఒకటే పిచ్చి" అంది చివరికి. టేపు మళ్లీ భుజాన వేసుకుని, "మళ్లా అట్టా చెయ్యమాకండి, మేడమ్. ఎవరి దగ్గరా" అంది.

*

ఐదో రోజున చెంచమ్మ జ్వరం తగ్గింది. ఎర్ర చార మోకాలి నుంచి కిందకి దిగింది. కాలు దక్కింది. ముంజేతి మీది బూడిద మచ్చ కూడా పొడిబారి, పొలుసులుగా రాలిపోయింది. ఆస్పత్రిలోనే ఒక గిన్నెలో చేతులు పెట్టించి నీళ్లు తీసి పరీక్ష చేశారు. అందులో ఏమీ లేదు.

ఆ గురువారం నింపిన సీసాలు బడులని మరో తొమ్మిది రోజులు నడిపాయి. తర్వాత రఫీ ఫోన్లు మొదలయ్యాయి. ఒక బడిలో పాచి తెల్లబడిందన్నాడు. మర్నాడు మరో ఆరు బడులు. ఆ మర్నాడు లెక్క చెప్పడం మానేసి, "ఇవాళ కూడా అంతే మేడమ్" అన్నాడు.

మంచినీళ్ల కొళాయిలకీ దొడ్లకీ తాళాలు తనే వెయ్యాలని ఇందుమతి పట్టుబట్టింది. ఎవరో చెప్పి వేయించడం ఆమెకి ఇష్టంలేదు. రఫీ జీపు నడుపుతుంటే బడి తర్వాత బడికి తిరిగింది. ఒకచోట తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, దొడ్డి తలుపుకి గొలుసు చుడుతున్న ఆమె పక్కకొచ్చి నిలబడి అడిగింది, "మేడమ్, ఎన్ని రోజులు?"

"తెలీదమ్మా."

"పరీక్షలయ్యేదాకా అయినా ఉంచరాదా? వాసనొస్తే మేం ఓర్చుకుంటాం."

ఇందుమతి గొలుసు సగం చుట్టి ఆగింది. తొట్టిలో ఇప్పుడున్నవి మామూలు మురుగునీళ్లు. వాడితే జబ్బులు. మిగతా సగం చుట్టి తాళం వేసి, జీపులో కూర్చున్నాక రఫీకి కనబడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

పదిహేడో రోజుకి నలభై బడులు మూతపడ్డాయి. మిగిలింది ఒక్కటే, వెలిగొండ అంచున గుట్టకిందపల్లె. అక్కడ ఫోను పలకదు. అక్కడా పాచి తెల్లబడే ఉంటుందని అందరికీ తెలుసు. ఆ పొద్దున ఆఖరి తాళం తీసుకుని బయల్దేరారు. దారంతా రఫీ ఏదో చెప్పబోయి మానుకుంటున్నాడు.

ఊరికి ఇవతల వాగు మీది చప్టా విరిగిపడి ఉంది. జీపు ఆపి, మోకాలి లోతు నీళ్లలో నడిచి అవతలికి ఎక్కారు.

బడి దగ్గర ఆడపిల్లలు ముగ్గురు దొడ్డి నుంచి వచ్చి కొళాయి కింద చేతులు కడుక్కుంటున్నారు. నాలుగో పిల్ల దోసిలి పట్టి నీళ్లు తాగుతోంది.

ఇందుమతి పరుగెత్తింది. "తాగొద్దు తాగొద్దు" అని ఆ పిల్ల చేతులు పట్టుకుంది. కొళాయి కట్టేసి, మేడ మీదికి ఎక్కి, తొట్టి మూత ఎత్తి చూసింది.

లోపల గోడంతా బూడిదరంగు. రెండు వేళ్ల మందాన, మెత్తగా, నిగనిగలాడుతూ. అడుగున తెల్లటి పలుకులు. సంచిలోంచి పరీక్ష కాగితం తీసి ముంచింది. తొందరలో మొదటిది నీళ్లలో జారిపోయింది. రెండోది ముంచి, ఎండలో పట్టుకుని రంగు చూసింది. ఫ్లోరైడు లేదు. కింది తొట్టి నీళ్లు తెప్పించి చూసింది. అదీ బాగానే ఉంది.

"ఇక్కడికి ఆఖరి సీసా ఎప్పుడొచ్చింది?" అని కిందకి కేకేసింది.

రఫీ తల వంచుకుని నిలబడ్డాడు. అతని పక్కన బడి ఆయా గురవమ్మ, సన్నటి మనిషి, చీపురు రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"మేడమ్" అన్నాడు రఫీ, "చప్టా కొట్టుకుపోయి ఐదు నెలలయింది. మొదట్లో వాగు పొంగి దాటలేక, తర్వాత అదే అలవాటై, సీసాలు ఇవతల కొట్లో ఇచ్చి వెళ్లిపోయేవాణ్ణి. అవి ఎండకి ఉడికిపోయేవి. అందినట్టు రిజిస్టర్లో రాసుకున్నాను. నా తప్పే."

"నేనూ సంతకం పెట్టా" అంది గురవమ్మ. "నా ఉద్యోగం తీసెయ్యమాకండి."

ఇందుమతి మెట్లు దిగి ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. "ఉద్యోగం సంగతి తర్వాత. ఐదు నెలలు సీసా లేకుండా దీన్ని ఎట్లా బతికించావు గురవమ్మా?"

గురవమ్మ రఫీ వైపు చూసింది, చెప్పాలా వద్దా అన్నట్టు.

"సీసా వాసనొస్తంటే పారబోశా. పాచమ్మ తెల్లబడతా ఉండె. పిల్లలేమో ఏడుపు మొహాలు పెట్టిరి. ఇంట్లో పెరుగుకి ఏం చేస్తాం మేడమ్? నిన్నటి పెరుగు ఇంత తీసి ఇవాళ్టి పాలల్లో తోడేస్తాం. అట్టాగే చేశా. బతికున్న చోట పాచి గోకి, మధ్యాన్నం అన్నం వార్చిన గంజి గోరువెచ్చగా ఉన్నప్పుడు దాంట్లో కలిపి, కుండకి గుడ్డ కట్టి పొయ్యి పక్కన పెట్టా. మొదటిసారి పులిసిపోయింది. రెండోసారి గూడా. మూడోసారి కాస్త ముదిరింది. దాన్నే మళ్లా తొట్లో పోశా. అప్పట్నుంచి వారం వారం దాంట్లోది దానికే. పైదానికి పైతొట్టిది, కిందదానికి కిందిది. కలవనియ్యను."

"గంజిలోనా?"

"ఈ బోరు నీళ్లతోనే వార్చిన గంజి మేడమ్. ఉప్పెయ్యను."

ఇందుమతి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నాలుగేళ్లు ఆ జీవికి పరిశుభ్రమైన నీళ్లలో ఖరీదైన తిండి పెట్టారు. చెంచమ్మ చేతులని తప్ప దేన్నీ నమ్మలేదు. సీసా ఆపి చూద్దామని ఎవరూ అనలేదు, ఆపడానికి భయం. ఇక్కడ ఆ బోరు నీళ్లలో, ఆ గంజిలో, చచ్చింది చావగా మిగిలింది ఇరవై వారాలు ముదిరి, మనిషి ఒళ్లు అక్కర్లేని పాచమ్మ అయింది.

"మేడమ్, నీళ్లు తాగచ్చా?" అని దోసిలి పిల్ల అడిగింది.

ఇందుమతి లేచి కొళాయి తిప్పి, తనే ముందు దోసిలి పట్టి తాగింది. కడుపునిండా తాగింది. ఎక్కువ తాగినందుకో దేనికో కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. పిల్లలు వింతగా చూశారు.

రఫీ జేబులోంచి తాళం తీసి గురవమ్మకి ఇచ్చాడు. "దీంతో ఇక్కడ పని లేదు. నీ గంజి కుండకి వేసుకో" అన్నాడు. గురవమ్మ మొదటిసారి నవ్వింది.

*

ఆస్పత్రిలో చెంచమ్మ కాలు చాపుకుని ఇడ్లీ తింటోంది. ఇందుమతి సంగతంతా చెప్పింది. వాగు, కొట్లో ఉడికిన సీసాలు, గంజి, తోడు, అన్నీ. చెంచమ్మ తినడం ఆపేసి వింది.

"గంజిలోనా" అంది ఆమె కూడా. తర్వాత తన రెండు చేతులూ ఎత్తి, ఎవరివో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయితే ఇంక నాతో పనిలేదా?"

ఆ ప్రశ్నకి మెత్తటి జవాబొకటి ఇందుమతి దారిలో ఆలోచించుకునే వచ్చింది, కానీ దాన్ని పక్కన పెట్టేసింది. చివరికి ఉన్నదే చెప్పింది. "లేదు చెంచమ్మక్కా. ఇంటికెళ్లొచ్చు."

అక్కా అన్న మాట ఇద్దరూ విన్నారు, ఎవరూ పట్టించుకోనట్టు ఊరుకున్నారు.

చెంచమ్మ కాసేపు చేతుల్నే చూసుకుంది. ఆమె మొహంలో ఏదో వెలితి కదిలింది. రెండేళ్లు మోసిన బరువు దించాక భుజం ఖాళీగా అనిపిస్తుంది గదా, అట్లాంటిది. అది ఎంతోసేపు నిలవలేదు. సలోమి వైపు తిరిగి, "బజారుకి పోయి మంచి వాసనొచ్చే సబ్బు ఒకటి పట్టుకురా" అంది. ఆ మధ్యాహ్నం కొళాయి దగ్గర స్టూలు వేయించుకుని, మోచేతుల దాకా నురగ పెట్టుకుని, అరగంట సేపు కడుక్కుంది. నర్సు వచ్చి కోప్పడినా లేవలేదు.

ఇందుమతి డైరెక్టరుకి రాసిన నివేదికలో గురవమ్మ పేరు మొదటి వాక్యంలోనే పెట్టింది. రిజిస్టర్లోని దొంగ సంతకాల గురించి కూడా రాసింది. సీసాలు అందడం లేదన్న సంగతి కనుక్కోవాల్సింది తనేననీ, రఫీ మీద గానీ గురవమ్మ మీద గానీ చర్య తీసుకుంటే ముందు తన మీద తీసుకోవాలనీ రాసింది. తొట్టి ముందు యాభై నిమిషాల సంగతీ దాచలేదు. డైరెక్టరు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ గంజి పద్ధతి అందరు ఆయాలకీ నేర్పించాలంటే ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు.

ముప్పై నాలుగు రోజులు పట్టింది. గురవమ్మని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, వెనక స్టీలు క్యాన్లలో తోడు పట్టుకుని, రఫీ బడి బడికీ తిరిగాడు. కొన్నిచోట్ల మొదటిసారి పులిసిపోయింది. ఒకచోట ఎవరో ఉప్పేశారు. గురవమ్మ కసురుకుంది, మళ్లీ వెయ్యించింది. తాళాలు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. పరీక్షలయ్యేదాకా అయినా ఉంచమని అడిగిన పిల్ల బడి పరీక్షలకి నాలుగు రోజుల ముందు తెరుచుకుంది.

దొరువుపాడు బడి ఆఖరున తెరిచారు. కాగితం రంగు చూసి, హెడ్‌మాస్టరుకి తల ఊపి, ఇందుమతి వరండా చివరికి నడిచి సలోమి నంబరుకి ఫోన్ చేసింది. చెంచమ్మ ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. వచ్చి మొదటి చెంబు ఆమే పట్టుకుంటే బాగుంటుందని అనుకుంది.

సలోమి ఎత్తింది. "ఉండండి మేడమ్, చెవి దగ్గర పెడతా."

వెనక నీళ్ల చప్పుడు, కాకుల గోల. తర్వాత చెంచమ్మ గొంతు.

"ఆఁ మేడమ్. తెరిచారా? అన్నీ తెరిచినట్టేనా?"

"అన్నీ, అక్కా. మీ బడే ఆఖరిది. రాగలవా? నీకోసం ఆగుతాం."

"ఎందుకు ఆగటం? పిల్లల్ని తాగనియ్యండి." ఏదో రాతి మీద రుద్దుతున్న చప్పుడు. "నేను ఇప్పుడు రాలేను. చేపలు తోముతన్నా. చేతులు ఖాళీ లేవు. రేపు ఫోన్ చెయ్యండి."

ఫోను ఆగిపోయింది. ఇందుమతి వెనక్కి తిరిగి, కొళాయి దగ్గర వరసలో నిలబడ్డ పిల్లలకి కానివ్వమని చెయ్యి ఊపింది.